పనస చెక్క డాష్‌బోర్డుతో కళింగపట్నం దాకా

కారు ప్రయాణానికి నేను రైల్లో బయలుదేరాను. శనివారం మధ్యాహ్నం విశాఖపట్నంలో రాయగడ వైపు వెళ్ళే బండి ఎక్కితే, విజయనగరం దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దాయన పనసకాయని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికని అడిగాడు. బొబ్బిలి వెళ్ళి, అక్కణ్ణించి మా మావయ్య కారులో కళింగపట్నం వెళ్తున్నానని చెప్పాను.

"కళింగపట్నం ఇటేటి బాబూ? శ్రీకాకుళం బస్సెక్కుంటే ఈపాటికి సముద్రంలో కాళ్ళు కడుక్కుందువు."

"కారు బొబ్బిలిలో ఉందండీ."

"కారున్నోళ్ళే నీకాడికి రావాల గానీ, కారుకాడికి నువ్వెల్లడమేటి?"

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ జవాబు చెప్పాలంటే మా మావయ్య సంగతంతా చెప్పాలి. అంత కథ పట్టేంత దూరంలో బొబ్బిలి లేదు.

మీకు చెప్తాను. మావయ్య కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్ళు తీర్థయాత్రలకి వెళ్తారు, లేదంటే పొద్దున్నే మైదానంలో చేతులూపుతారు. మావయ్య కాంటెస్సా కట్టడం మొదలుపెట్టాడు. పొడుగు ముక్కు, వెడల్పు ఒళ్ళు, పెట్రోలు చూస్తే ఆగలేని గుణం ఉన్న ఆ పాతకాలం కారే. పెళ్ళయిన కొత్తలో, రాజాంలో రైసుమిల్లున్న స్నేహితుణ్ణి బతిమాలి ఆ కారు ఒక్కరోజుకి తెచ్చి, అత్తని కళింగపట్నం తీసుకెళ్ళాడట. ఆ ఒక్కరోజు కథ మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పెద్దకర్మలోనూ విన్నాం. నా చిన్నప్పుడు ఆ కథలో కారు గంటకి ఎనభై మీద వెళ్ళింది. నా డిగ్రీ అయ్యేసరికి నూట ఇరవై దాటింది.

మావయ్యకి దొరికిన కాంటెస్సాలో కోళ్ళు కాపరం ఉంటున్నాయి. వాటిని ఖాళీ చేయించి, ఇంజను ఒక ఊర్నించీ తలుపులు రెండూళ్ళనించీ తెప్పించాడు. కొత్త కాపరం కదా, ఆ రెండూళ్ళ తలుపులూ ఒకేసారి మూసుకోవు. ఎర్ర రంగు మాత్రం దూరంనించి చూసినవాళ్ళు ఫైరింజనుకి దారిచ్చేంత గట్టిగా వేయించాడు.

గొడవ కారు గురించి కాదు, షెడ్డు గురించి. పెరట్లో ఉన్న రేకుల షెడ్డులో అత్త ఏళ్ళ తరబడి ఆడపిల్లలకి వీణ నేర్పుతోంది. కారు వచ్చాక వీణలు వరండాలోకి వచ్చాయి, వరండాలోకి ఎండ వచ్చింది, పిల్లలు రావడం తగ్గిపోయింది. చివరికి అత్త ఒక పందెం పెట్టింది. కారు కళింగపట్నం వెళ్ళి తిరిగి రావాలి, దారిలో ఒక్కసారి కూడా ఎవరూ తొయ్యకూడదు. తొయ్యకుండా వస్తే షెడ్డు కారుది. తోస్తే షెడ్డు వీణలది, కారు ఆకాశం కింద. నన్ను పిలిచింది అంపైరుగా.

బొబ్బిలి స్టేషనుకి మావయ్య స్కూటరు మీద వచ్చాడు. కారేదని అడిగితే, "రేపటికి రెస్టు తీసుకుంటన్నాదిరా" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కొబ్బరికాయ కొట్టారు. మావయ్య ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు తొడిగాడు. అత్త వెనక సీట్లో పులిహోర డబ్బాతో కూర్చుంది. ముందు సీట్లో ఎందుకు కూర్చోవని అడిగితే, "ముందు కూకుంటే ఆ డాష్‌బోర్డు సొద పడలేను" అంది.

ఇంజను అంటుకోగానే సంగతి అర్థమైంది. పాత డాష్‌బోర్డు పగిలిపోయిందని మావయ్య వీణలు చేసే ఆయన దగ్గరికి వెళ్ళి పనస చెక్కతో కొత్తది చేయించాడు. బొబ్బిలిలో ఇంకెవరికైనా ఇచ్చుంటే ఉత్త చెక్కపలక వచ్చేది. ఆయన మాత్రం వీణ కుండని తొలిచినట్టే దాన్ని లోపల్నించి తొలిచి, పైచెక్క పల్చగా చేసి ఇచ్చాడు. అలా ఎందుకు చేశావని మావయ్య అడిగితే, "పనస సెక్క నా సేతిలో పడ్డాక పలక్కపోతే ఎలగ బాబూ?" అన్నాడట. దాంతో కారులో ఎక్కడ ఏ మేకు కదిలినా డాష్‌బోర్డు దాన్ని కచేరీగా వినిపిస్తుంది. ఇండికేటరు వేస్తే ఎవరో మృదంగం సరిచూసుకుంటున్నట్టుంటుంది. గేరు మార్చినప్పుడు వచ్చేదాన్ని ఏ వాయిద్యంతోనూ పోల్చలేను, వాయిద్యాలకి మర్యాద ఉంది.

"సూడరా, ఏం నాదమో!" అన్నాడు మావయ్య, అరుస్తూ.

"శ్రుతి లేదు," అంది అత్త వెనకనించి.

రాజాం చేరేసరికి ఎనిమిది. బొబ్బిలి నుంచి బస్సులో కూడా అంతకన్నా ముందే రావచ్చు. కథలో నూట ఇరవై దాటిన మావయ్య స్పీడు, రోడ్డు మీద నలభై దాటలేదు. బస్టాండు దగ్గర హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది, ఈ దారిన వెళ్ళేవాళ్ళు వదలొద్దు. మేం తింటున్నంతసేపూ కారు చుట్టూ జనం. ధాన్యం బస్తాల మీద కూర్చున్న ఒకాయన మావయ్యని అడిగాడు:

"బావా, ఏ పార్టీ తరపునేటి?"

"పార్టీ కాదు, సొంత కారు."

"మరి మైకెక్కడ పెట్టావు? ఊరి బయటున్నప్పుడే ఇనిపించీసింది."

చిలకపాలెం దగ్గర హైవే ఎక్కాక లారీలన్నీ మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. దాటిన ప్రతి డ్రైవరూ ఒకసారి వెనక్కి చూశాడు. మావయ్య ప్రతి చూపుకీ హారను కొట్టి బదులిచ్చాడు. శ్రీకాకుళంలో టీ తాగి, గార మీదుగా కళింగపట్నం చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఎవరూ తొయ్యలేదు. అంపైరుగా ఈ మాట ఒప్పుకోక తప్పలేదు. మావయ్య మీసం దువ్వుకున్నాడు. అత్త పులిహోర డబ్బా దించింది.

కళింగపట్నంలో దిగగానే మొదట పలకరించేది ఎండుచేపల వాసన. కాసేపటికి ముక్కు రాజీపడుతుంది. ఇసక మీద వలలు ఆరేశారు, పడవలు ఒడ్డున పడుకుని ఉన్నాయి, కాస్త అవతల వంశధార ఏ హడావుడీ లేకుండా సముద్రంలో కలుస్తోంది. చూడవలసిన చోటే. లైట్‌హౌసు దగ్గర పులిహోర తిన్నాక అత్త నీడలో కూర్చుంది. మావయ్య మాత్రం కారుని లైట్‌హౌసుకి ఎదురుగా నిలబెట్టి, ఇంజను ఆపి, హెడ్‌లైట్లు వేసి ఫొటోలు తియ్యమన్నాడు.

"మిట్టమధ్యాహ్నం లైట్లెందుకు మావా?"

"ఆ రోజు లైట్లేసే ఫొటో తీసుకున్నాంరా. అచ్చం అలగే రావాల."

అచ్చం అలాగే రావడానికి చాలాసేపు పట్టింది. తలుపు మీద చెయ్యేసి ఒకటి, బానెట్టు మీద కూర్చుని ఒకటి, అది కాలితే లేచి ఒకటి. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళకి పైగా జిల్లా అంతటికీ కరెంటు చూసుకున్న మనిషి, ఒక్క బ్యాటరీని మర్చిపోయాడు.

బయలుదేరదామని తాళం తిప్పాడు. టిక్.

మామూలు కారయితే ఆ టిక్ డ్రైవరుకి ఒక్కడికే వినిపించేది. కాస్త నవ్వి, సముద్రం బాగుంది ఇంకాసేపు కూర్చుందామని బుకాయించి, ఏదో ఒకటి చేసుకోవచ్చు. మావయ్య మొహం చూస్తే ఆ ఆలోచనే నడుస్తోందని తెలిసింది. కానీ ఎదురుగా ఉన్నది పనస చెక్క. టిక్కుని తన పొట్టలోకి తీసుకుని, పెద్దది చేసి, గుండ్రంగా తిప్పి బీచి మీదకి వదిలింది. నీడలో కూర్చున్న అత్త తల తిప్పింది. వల బాగు చేసుకుంటున్న ఇద్దరు మనుషులు లేచి నిలబడ్డారు.

"ఇప్పుడు శ్రుతిలో ఉన్నాది," అంది అత్త.

వలవాళ్ళు వచ్చేశారు. "తోసీమంటావేటి మావా?"

"వద్దు! ముట్టుకోకండి!"

మావయ్య నా వైపు తిరిగి లా పాయింటు తీశాడు. వాలు మీద కారు తనంతట తను దొర్లితే అది తొయ్యడం కాదు కదా? కాదని తీర్పిచ్చాను. వాలు కూడా ఉంది, కాకపోతే సముద్రం వైపు.

అత్త చీర దులుపుకుని వచ్చింది. "అప్పుడూ ఇక్కడే ఆగింది," అంది.

"ఎప్పుడే?"

"మీ కాంటెస్సా రోజునే. ఇలగే లైట్లేసి ఫొటోలు దిగారు. ఇలగే టిక్కంది. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని నేనూ ఇంకో ఇద్దరూ గార రోడ్డు మలుపు దాకా తోశాం. మీరు స్టీరింగుకాడ కూకుని పాట పాడతన్నారు."

"తోసినట్టు నాకు గుర్తే లేదే!"

"మీకెలగ గుర్తుంటాది? మీరు ముందుకి సూస్తన్నారు."

అంత కథలో, అన్ని పెళ్ళిళ్ళలో, అత్త ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే కథలో కారు స్పీడు అక్కడే ఆగిపోయేదేమో.

"ఇయాల నేను స్టీరింగుకాడ కూకుంటాను. మీరు దిగండి," అంది.

"నీకు కారేటి తెలుసే? క్లచ్చొక కాలు, యాక్సిలేటరొక కాలు..."

"వీణ మీద కుడిచెయ్యి మీటుతాది, ఎడంచెయ్యి నొక్కుతాది. నాకు పాఠాలు సెప్పకండి. రెండో గేరులో పెట్టీసి దిగండి."

మావయ్య దిగాడు. తెల్ల ప్యాంటు మడిచి, కారు వెనక్కి నడిచి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. వలవాళ్ళు అటొకరు ఇటొకరు పట్టారు. అంపైరు కూడా భుజం వేశాడు. పందెం అప్పటికే అయిపోయింది కాబట్టి రూల్సు అడ్డు రాలేదు. కారు ముందు ఒప్పుకోలేదు. తర్వాత మూలిగింది. మావయ్య ఇంకా ఎక్కువ మూలిగాడు. మలుపు కనబడుతుండగా అత్త క్లచ్చు వదిలింది, ఇంజను అంటుకుంది, కాంటెస్సా మా చేతుల్లోంచి జారి వెళ్ళిపోయింది.

ఆపితే మళ్ళీ ఆగిపోతుందని అత్త ఆపలేదు. ఎర్ర కారు ముందు, దాని వెనక తెల్ల ప్యాంటు పరుగు. "బ్రేకు ఎడం పక్కదే! కాదు, మధ్యది!" అని అరుస్తున్నాడు మావయ్య. వలవాళ్ళలో ఒకడు ఆయాసపడుతూనే నన్నడిగాడు: "కారు దొంగేటి బాబూ?"

"కాదు, భార్య."

మలుపు అవతల జీడితోట పక్కన అత్త బ్రేకు వెతికి పట్టుకుంది, కారు దొరికింది. ఇంజను ఆగకుండా సీట్లు మార్చుకున్నారు. అక్కణ్ణించి బొబ్బిలి దాకా ఆపే ధైర్యం మాకెవరికీ లేదు. టీ లేదు, రాజాంలో మిక్చరు పొట్లం కిటికీలోంచే కొన్నాం. డాష్‌బోర్డు దారంతా పాడింది. మావయ్య పాడలేదు. అత్త ఈసారి ముందు సీట్లో కూర్చుంది.

చీకటి పడకముందే ఇల్లు చేరాం. మావయ్య కారుని తిన్నగా కొబ్బరిచెట్టు కిందకి పోనిచ్చి, తనే బరకం కప్పాడు. షెడ్డు తలుపు తెరిచి వీణలు ఒక్కొక్కటీ లోపల పెట్టాడు. అత్త అడ్డు చెప్పలేదు, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పింది.

ఈ దారిన వెళ్ళదలుచుకున్నవాళ్ళకి నా సలహా: రాజాం పెసరట్టు, కళింగపట్నం గాలి తప్పక అనుభవించండి. బస్సులో వెళ్ళండి. సొంత కారే కావాలంటే ముందు దాన్ని ఒకసారి వెనకనించి చూసుకోండి.

సోమవారం పొద్దున్న మావయ్య స్కూటరు మీదే స్టేషనుకి దింపాడు. నడుం పట్టేసి వంకరగా నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం మీద నా సంచీ బెంచీ మీద దించాడు. దించి నన్నడిగాడు:

"ఒరే, అంత బరువేటిరా అది! అప్పట్లో మీ అత్త ఎంత సన్నంగుండేదో తెలుసునా? గాలేస్తే నేనే పట్టుకునీవోణ్ణి. అలాటిది ఎలగ తోసిందంటావు?"

"నీ పాటకి దూరంగా పోదామని తోసుంటాది మావా."

నవ్వుతాడనుకున్నాను. తలూపాడు. "వచ్చే ఆదివారం రాజాం ఎళ్దామంటన్నాదిరా, స్టీరింగు తనే పట్టుకుంటాదట," అన్నాడు. "నా ప్యాంటు ఉతికించీసుకోవాల."

రైలు వచ్చింది. నేను ఎక్కాను. ఎవరూ తొయ్యకుండానే అది కదిలింది.