రోగి చెప్పాల్సిన ఆమెన్

మా అత్తగారి సంఘంలో ఒక పద్ధతి ఉంది. రోగి తల మీద చెయ్యి పెట్టి ఎవరు ప్రార్థన చేసినా, "యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ" అన్నాక అందరూ ఆగుతారు. మొదటి ఆమెన్ రోగి చెప్పాలి. జ్వరమొచ్చిన పిల్లలు దగ్గుతూనే గట్టిగా అరుస్తారు, ముసలివాళ్లు గొణుగుతారు. ఆ తర్వాతే మిగతావాళ్లం అంటాం. ఎందుకట్లా అని పెళ్లైన కొత్తలో అడిగితే అత్తమ్మ నవ్వింది.

"సంతకం లేని అర్జీ ఏ ఆఫీసుల తీసుకుంటరు బిడ్డా?"

నాలుగేళ్ల కిందట బూర్గంపాడులో మా నాన్న కాలేయం చెడి మంచం పట్టాడు. చివరి వారం మాట పడిపోయింది, కళ్లు కూడా తెరవలేదు. రెండు ఊళ్ల సంఘాలూ ఉపవాసం ఉండి ప్రార్థించాయి. ఆఖరి సాయంత్రం నన్ను ప్రార్థన చేయమన్నారు. నాలుగు మాటలు అన్నానో లేదో ఒళ్లు మండిపోయింది. "వినే మనిషే లేడు, ఇంక ఆమెన్ ఎవరంటరు?" అని మధ్యలోనే లేచి వచ్చేశాను. తెల్లారేసరికి నాన్న పోయాడు. అప్పటినుంచి ఆదివారం మందిరంలో రోగుల కోసం ప్రార్థన అనగానే చెప్పులు వేసుకుని బయట నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయేదాన్ని. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

పోయిన వానాకాలం మా ఆయనను పాము కరిచింది. ఆయన అశ్వారావుపేట పక్క పామాయిల్ తోటల్లో గెలలు కోస్తాడు. కొట్టేసిన మట్టల్ని చెట్ల వరుసల మధ్య కుప్పలు వేస్తారు. ఆ కుప్పల్లో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం నాగుపాములు వస్తాయి. బూట్లు వేసుకోమని నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పినా, చెప్పులతోనే పోయాడు. మడమ మీద కాటు పడింది. ఊళ్లోని దవాఖానాలో విరుగుడు సూదులు మొదలుపెట్టి, 108 బండిలో ఖమ్మం పంపారు. సత్తుపల్లి దాటకముందే రెప్పలు వాలిపోయాయి. మాట ముద్దయింది. ఖమ్మంలో దించేసరికి ఊపిరి తీయడం కూడా కష్టమై, గొంతులో పైపు వేసి మిషన్‌కు తగిలించారు.

డాక్టరమ్మ వేళ్లతో రెప్పలెత్తి చూసింది. "మందులు పడుతున్నయ్. ఇగ చూడాలమ్మా," అన్నది. అంతకుమించి ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేదు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అత్తమ్మనూ నన్నూ పది నిమిషాలు లోపలికి పంపేవాళ్లు. అత్తమ్మ కొడుకు తల మీద చెయ్యి పెట్టి, చెవి దగ్గర వంగి ప్రార్థన చేసేది. చివర ఆగేది. ఎంతసేపని! మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఉన్న పది నిమిషాల్లో సగం ఆ ఎదురుచూపుకే పోయేది.

రెండో రోజు నేను ఉండబట్టలేకపోయాను. "గొంతుల పైపున్నది అత్తమ్మా! ఎట్ల అంటడు?"

"వాని వంతు వాడు చెప్పుకుంటడు. నాకేం తొందర లేదు," అన్నది, చెయ్యి తీయకుండానే.

మూడో రోజు పొద్దునకు ఆమె గొంతు పూర్తిగా పోయింది. మంచం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆయన నుదుటి మీద పెట్టింది. "ఇయ్యాల నువ్వు చెయ్యి బిడ్డా," అని గుసగుసగా అన్నది. నుదురు చల్లగా ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే మొదలుపెట్టాను.

"ప్రభువా, మా నాన్నను అడిగితే ఇయ్యలే. మళ్ల అడగొద్దనుకున్న. బూట్లేసుకొమ్మని ఈయనకు వందసార్లు చెప్పిన. ఈయన ఎట్లాగూ నా మాట వినడు, నువ్వన్న విను. ఈయన లేకుంట నాకు చేతగాదు. యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ."

అలవాటు కొద్దీ ఆగాను. అప్పుడు దుప్పటి కింద, కరవని కాలి బొటనవేలు కదిలింది.

ఫ్యాను గాలేమో అనుకున్నాను. అత్తమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. "మళ్ల అను." చివరి మాట మళ్లీ అన్నాను. వేలు మళ్లీ కదిలింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. చిన్నప్పటినుంచి దేవుని భయం అనే మాట వింటూనే ఉన్నాను గానీ, నిజంగా భయం వేసింది ఆ రోజే. అంతసేపూ ఎవరో విన్నారన్న భయం అది.

రెండు రోజులకు పైపు తీశారు. బొంగురు గొంతుతో ఆయన మొదట నీళ్లు అడిగాడు. అవి తాగి నా వైపు చూశాడు.

"బూట్ల సంగతి విన్న," అన్నాడు.

నేను గ్లాసు పక్కన పెట్టి ఆయన దగ్గరికి వంగాను.

"అంతా వినబడ్డది. కన్ను తెరుచుడు రాలే, నువ్వు అడిగేదాంక వేలు కదుపుడు రాలే. అమ్మ ఆగినప్పుడల్ల ఆమెన్ అన్న. ఒక్కసారి గూడ తప్పలే. మీకే వినబడలే."

విషం కండరాలనే కట్టేసిందనీ, చెవులను కాదనీ డాక్టరమ్మ తర్వాత చెప్పింది. సూదులు పడకపోతే ఆయన బతికేవాడు కాదని నాకు తెలుసు. ఆ డాక్టరమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాను. కానీ నన్ను వణికించింది మందులు కాదు. నేను బొమ్మలా చూసిన మనిషి ఆ మూడు రోజులూ లోపల మేలుకుని, మాతో పాటు ప్రార్థన చేస్తున్నాడు.

ఆ సాయంత్రం దవాఖానా మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. మందుల షాపు దగ్గర ఆటోలు హారన్లు కొడుతున్నాయి. నాన్న మంచం, మూసుకున్న కళ్లు, మధ్యలో లేచిపోతున్న నా అడుగుల చప్పుడు గుర్తొచ్చాయి. ఆ చప్పుడు నాన్నకు వినబడే ఉంటుంది. గుండె పగిలేలా ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని, నాలుగేళ్ల కింద ఆపేసిన చోటు నుంచి నాన్న కోసం ఆ ప్రార్థన మొదలుపెట్టి, చివరిదాకా చెప్పి, అత్తమ్మలాగే ఆగాను.

ఆమెన్ నేను అనలేదు. అది నాన్న వంతు.