గూడబాతుల మీద రెండో చుట్టు

భీమశంకరం మదరాసులో విమానం నడపడం నేర్చుకున్నది పంధొమ్మిదివందల ముప్ఫైయారులో. నేర్చుకున్నవాడు ఊరికే ఉంటాడా? పుష్యమాసంలో చిన్న విమానం ఒకటి పుచ్చుకుని, తాడేపల్లిగూడెం పక్కన మేనత్త సుందరమ్మగారి ఊరికి ఆకాశం మీంచే వచ్చాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడ చూడని విద్య ఎందుకు, తగలెయ్యనా అనుకున్నాడు.

పాలేరు పాపారావు ముందే కోతైన చేలో గడ్డి రాజేసి పొగ పెట్టాడు. మొదట శంకరం అంతా పద్ధతిగానే చేశాడు. చేనుకి నడినెత్తిన ఎగిరి, పొగ ఎటు వాలుతోందో, పశువులేమైనా ఉన్నాయేమో చూసుకుని, ఊరి మీదుగా ఎత్తులోనే ఒక చుట్టు తిరిగాడు. ఇక ఇంజను తగ్గించి గాలికెదురుగా దిగడమే తరువాయి.

కాని ఇంటి అరుగు మీద అత్తయ్య కనపడలేదు. అంతే, విమానాన్ని మళ్ళీ లేపి, ఈసారి తాటితోపుని రాసుకుంటూ, ఇంజను హోరెత్తిస్తూ రెండో చుట్టు కొట్టాడు. తోపులో ఆవిడ కనపడింది, రెండు చేతులూ ఊపుతూ. వీడి ఆనందం పట్టతరమా! తనూ చెయ్యి ఊపాడు.

ఆ మరుక్షణం తోపంతా తెల్లగా పైకి లేచింది. గూడబాతులు!

అయ్యో, ఎలా మరిచిపోయాడు? అవి ఏటా కొల్లేటి చేపల కోసం వచ్చి ఆ తాటిచెట్ల మీద గూళ్ళు కట్టేవి. ఊరివాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలనేవారు. పిల్లలు ఎగిరేదాకా పెళ్ళివారు సైతం ఆ వీధిలో సన్నాయి ఆపేవారు. చిన్నప్పుడు అక్కడ డబ్బా వాయించినందుకు అత్తయ్య అతని వీపు చిట్లగొట్టింది కూడా.

విమానం చక్కగా దిగింది. ఒక్కరూ దగ్గరికి రాలేదు. శంకరం తోపుకి పరిగెత్తేసరికి సుందరమ్మగారు గూళ్ళలోంచి కింద పడ్డ పక్షిపిల్లల్ని కొంగులోకి ఏరుతోంది. ఒక్కటీ కదలడం లేదు.

"మీరు కనపడలేదండీ అత్తయ్యా, అందుకని..."

"మొదటి చప్పుడుకే ఇక్కడికొచ్చాన్రా. వద్దురా, వద్దురా అని చేతులూపాను. నువ్వు తిరిగి చెయ్యూపావు."

శంకరం సిగ్గుతో చచ్చిపోయాడు. పైన పక్షులు చుట్లు తిరుగుతున్నాయేగాని దిగడం లేదు. మళ్ళీ ఇంజను పెడితే మిగిలిన గూళ్ళూ పోతాయి. అతను వెళ్ళి విమానం రెక్కలు వెనక్కి మడిచి, ఎడ్లని తెమ్మన్నాడు.

"ఎగిరే బండికి ఎడ్లేంటండీ బాబూ!" అన్నాడు పాపారావు.

"గూడెం అవతలి బీడు దాకా లాక్కుపోదాం. అక్కణ్ణుంచి ఎగురుతాను."

బయల్దేరేవేళకి కొన్ని పక్షులు గూళ్ళకి దిగాయి. కొన్ని గూళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

"మళ్ళీ ఏడాదికి వస్తాయంటారా అత్తయ్యా?" అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడలేక.

సుందరమ్మగారు కొంగులోని పిల్లల్ని సర్దుకుంది. "పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న పిల్ల, ఆ ఇంటికే మళ్ళీ పురిటికొస్తుందంట్రా?"

శంకరం తలవంచుకుని ఎడ్ల ముందు నడిచాడు.