నాలుగో గడిలో పేరు

మాస్కుల నిబంధన ఎత్తేసిన ఏడాది, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, నన్ను సింగపూర్‌లో సెంబవాంగ్‌లోని ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి సీనియర్ కౌన్సెలర్‌గా వేశారు. చేరిన నెలలోనే, ఇప్పటికీ తలచుకుంటే హుషారొచ్చే కేసు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది.

అతన్ని శామ్యూల్ అందాం. ఘనా నుంచి వచ్చిన నల్లజాతి ఇంజనీరు, ఓడల మరమ్మతు యార్డులో సూపర్‌వైజరు. నిద్ర లేదు, గుండెదడ, ఊరికే చిరాకు. కంపెనీ పంపిన ఉత్తరంలో ‘అనుమానం ఎక్కువ’ అని ఉంది. నా రిపోర్టు కూడా అదే మాట చెబితే అతని ఉద్యోగం పోతుంది.

పద్ధతి ప్రకారం ఆలోచనల పట్టిక ఇచ్చాను: జరిగిన సంగతి, వచ్చిన ఆలోచన, దానికి రుజువు, వ్యతిరేక రుజువు. ట్రైన్ కిక్కిరిసినా తన పక్క సీటు ఖాళీగానే ఉంటుందని రాశాడు. నిలబడ్డవాళ్లు వచ్చే స్టేషన్‌లో దిగేవాళ్లేమో అంటూ నాలుగో గడి నేనే నింపాను. నా తెలివి అలా ఏడిసింది. ఆపైన అతను ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

మూడో వారం అడిగాడు: “ట్రైన్‌లో మీ పక్కన కూర్చుంటారా, సార్?”

నేను సింగపూర్ వచ్చిన కొత్తలో చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాట్ కోసం ఫోన్ చేస్తే, ఏజెంటు “యూ ఇండియన్ ఆ?” అని పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా దాన్ని జోకుగా చెప్పుకుంటున్నాను. ఆ పూట అన్నం సహించలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. శామ్యూల్‌కి చెప్పాను.

అక్కడే కొత్త పట్టిక గీశాను: ఏం జరిగింది, ఒళ్లు ఏమైంది, ఏం మింగేశారు, ఎవరికి చెప్పారు. వారానికి పదకొండు వరసలు నింపి తెచ్చాడు. అతనిచ్చిన ప్రతి ఆదేశాన్నీ పనివాళ్లు అతని కిందివాణ్ణి అడిగి ఖాయం చేసుకోవడమూ అందులో ఉంది. నాలుగో గడి మాత్రం పై నుంచి కింది దాకా ఖాళీ. మగవాడు సీటు గురించి ఏడవడమేమిటని భార్యకూ చెప్పలేదట.

అసలు కారణం దొరికిందన్న సంబరంలో కాగితంతో కేసు మీటింగులోకి దూసుకెళ్లాను. మా అధికారి సావిత్రి, మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి, “కూర్చోండి లాహ్ అంకుల్, ముందు ఊపిరి తీసుకోండి” అంది అక్కడి యాసలో. కాగితం చదివాక తనే లేచి నిలబడింది.

అనుమానం కాదు, వివక్షను ఒంటరిగా మోయడం వల్ల వచ్చిన నిద్రలేమి, ఉద్యోగానికి అర్హుడు, యార్డులో తీరు మారాలి అని రిపోర్టు రాశాం. ఉద్యోగం నిలిచింది. మూడు నెలలకు నిద్ర కుదుటపడింది. చివరి పట్టికలో నాలుగో గడి నిండా భార్య పేరే.

నేనూ ఆ అద్దె ఫ్లాట్ సంగతితో ఒక కాగితం నింపి దాచుకున్నాను. దాని నాలుగో గడిలో శామ్యూల్ పేరుంది. రుజువేమిటని అడిగే ముందు ఎవరికి చెప్పుకున్నారని అడగాలి. అది తెలియడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసు పట్టింది.