రెండో చిడత మోగాక

మంచు ఎత్తడమంటే ఇప్పటివాళ్ళకి ఏడుపు. మా వీధిలో ఒకప్పుడు అది రోజూ జరిగే జాతర. పొద్దున్న ఆరింటికి మొదలు, ఏడింటికి ఆఖరు. ఆ మొదలూ ఆఖరూ చెప్పేది కియోనో అక్క చిడతలు.

మా అకితా కొండల్లో తెల్లారేసరికి నడుము లోతు మంచు పడి ఉంటుంది. ఎవరి గుమ్మం ముందుది వాళ్ళు ఎత్తి, వీధి పక్కనున్న కాలువలో వెయ్యాలి. ఏటి నుంచి తోడి వదిలిన నీళ్ళు దాన్ని మళ్ళీ ఏట్లోకే మోసుకుపోతాయి. ఆ నీళ్ళు ఊరంతటికీ ఒకేసారి చాలవు కాబట్టి వీధికో గంట. ఆరు నుంచి ఏడు ఎగువ వీధి వాళ్ళది, అంటే మాది. ఆ తర్వాత దిగువ వీధి వాళ్ళది. మొదటి చిడతకి కాలువ మీది ఇనప మూతలు తెరవాలి, రెండో చిడతకి మూసెయ్యాలి. ముద్ద పార కంటే పెద్దదిగా ఉండకూడదు. తప్పు చేసినవాడు దొరక్కపోతే వీధి వీధంతటికీ పది రోజులు నీళ్ళు బంద్. అప్పుడు మంచుని చెక్కబల్ల మీద వేసుకుని ఏటి దాకా ఈడ్చుకుపోవడమే గతి.

కియోనో అక్క పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి, "వచ్చినవాళ్ళెవరూ టైముకి రాలేదు" అనేది. వాళ్ళ నాన్న పాతకాలంలో చిడతలు కొట్టుకుంటూ వీధుల వెంట తిరిగి, పొయ్యిలార్పుకోండర్రా అని ఊరికి గుర్తుచేసే మనిషి. ఆయన పోయాక మిగిలిన ఆస్తల్లా ఆ జత చిడతలే. చెర్రీ చెక్కవి. వేళ్ళు పట్టుకునే చోట గుంటలు పడి ఉండేవి. మంచు కాలువ వచ్చాక వీధి వాళ్ళు ఆమెను అడిగారు, ఆమె ఒప్పుకుంది. అంతే, ఆ రోజు నుంచి నిమిషం అటూ ఇటూ కానిచ్చేది కాదు.

ఒకసారి మా ఆవిడ నోబుకో నిండు పార ఎత్తింది. ఇంకో జానెడు జరిపితే కాలువలో పడేదే. టక్‌మని రెండో చిడత మోగింది.

"దించు పిల్లా!"

"ఈ ఒక్కటీ వేసేస్తానక్కా!"

"ఒక్కటేగా, మీ గుమ్మానికి బరువా? తీసుకెళ్ళి అక్కడే పెట్టు."

నోబుకో తిట్టుకుంటూ పెట్టింది. ఐదు నిమిషాల తర్వాత కియోనో అక్క ఇచ్చిన టీ తాగుతూ, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ కొరుకుతూ, ఆమెతోనే పకపకా నవ్వుతోంది. మూతలు మూశాక అందరం అలా కాసేపు నిలబడే వాళ్ళం. ఎవరింట్లో ఏం జరిగినా అక్కడే తెలిసేది. ఆ టీ రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఇక నా వెధవ పని సంగతి. ముప్ఫై నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై తొమ్మిది. సెలూన్ తెరిచి నెల కూడా కాలేదు. డిసెంబరు చివరి వారం, కొత్త సంవత్సరానికి ఊరంతా జుట్టు కత్తిరించుకునే రోజులు. రెండో చిడత మోగింది, మూతలు మూశాం. ఐదు నిమిషాలకి మా కప్పు మీది మంచంతా ధభీమని జారి, చూరుకి కట్టిన తాడునీ తువ్వాళ్ళనీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా పడింది. మొదటి బేరం వచ్చే వేళయింది. నాకు ఒళ్ళు మండింది. ముక్కలు చేసే ఓపిక ఎక్కడిది? చుట్టూ చూశాను. పండగ పనుల హడావుడిలో ఆ రోజు టీకి ఎవరూ ఆగలేదు, అందరూ లోపలికి వెళ్ళిపోయారు. మూత ఎత్తి, దూడంత ముద్దని కాలితో తోసేశాను.

అది తిన్నగా పోయి దిగువ వీధి మలుపులో ఇరుక్కుంది. నీళ్ళు ఎగదన్ని చేపల కొట్టు కుదో గారి ఇంట్లోకి పోయాయి. పండక్కి తెచ్చిపెట్టుకున్న ఉప్పు చేపలు గదిలో ఈత కొట్టాయి. ఆయన పొడుగు బూట్లతో, పది మందితో మా వీధి మీదికి వచ్చాడు.

"ఎవడ్రా వాడు? ఏడు దాటాక ఎవడేశాడు? మగాడైతే ముందుకి రమ్మనండి!"

నేను అందరి వెనకా నిలబడ్డాను. అప్పటికే కియోనో అక్క ఇనప కొక్కెం పట్టుకుని వెళ్ళి, తలుపులా అడ్డం పడ్డ ఆ ముద్దని పగలగొట్టి వచ్చింది. మోచేతుల దాకా తడిసి ఉంది.

"ఎవరూ కాదు కుదో గారూ. తప్పు నాది. చిడత ఆలస్యంగా కొట్టాను. నా గడియారం నెమ్మదించింది."

"నీ గడియారమా? నీ గడియారం చూసి ఊరు గడియారాలు సరిచేసుకుంటుంది కదమ్మా!"

"అందుకే చెప్తున్నా. ఇక నేను కొట్టను. మీరు అడగక ముందే మానేస్తున్నా."

తప్పు చేసిన మనిషి దొరికింది కాబట్టి వీధికి పది రోజుల శిక్ష తప్పింది. చిడతలు ఎవరికివ్వాలన్న మాట వస్తే, గోడ గడియారమున్న కొట్టు నాదొక్కటే అన్నారు. వాళ్ళ నాన్న చిడతల్ని ఆమె తన చేత్తోనే నా చేతిలో పెట్టింది. "గట్టిగా కాదు, పొడిగా కొట్టు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పలేదు.

ముప్ఫై నాలుగు చలికాలాలు నేనే కొట్టాను. రోజూ మొదటి చిడతకి ముందే ఆమె పారతో నిలబడి ఉండేది. రెండో చిడతకి, చేతిలో ఎంత మంచు ఉన్నా, తన గుమ్మం ముందే దించేది. నా చిడతని అంత గౌరవించింది ఆమె ఒక్కతే. చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చేవాణ్ణి.

ఈ ఏడు పట్టణసభ కాగితం పంచింది. వచ్చే చలికాలానికి రోడ్డు కింద గొట్టాలు వేస్తారట. వాటిలోంచి గోరువెచ్చని నీళ్ళు చిమ్మితే మంచు దానంతటదే కరిగిపోతుందట. ఫిబ్రవరి ఆఖరి ఆదివారంతో కాలువకి నీళ్ళు ఆఖరు. కియోనో అక్కకి డెబ్బై ఎనిమిది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేదెప్పుడు? ముందురోజు మధ్యాహ్నం చిడతలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"అక్కా, రేపు నువ్వే కొట్టాలి."

"నేనెందుకయ్యా? చేతులు వణుకుతున్నాయి."

"నీ గడియారం నెమ్మదించలేదక్కా. ఆ రోజు వేసింది నేను."

ఆమె లేచి అల్మారాలోంచి ఒక తువ్వాలు తెచ్చింది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. మూలన నీలం దారంతో నా సెలూన్ పేరు. నోబుకో కుట్టినదే.

"ఆ ముద్ద పగలగొడితే లోపల ఇదుంది. ఒక్క తువ్వాలు అడిగి తీసుకెళ్ళడానికి ముప్ఫై నాలుగేళ్ళా ఇసావో?"

తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను. "ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నోబుకోకి ఏడో నెల అప్పుడు. కొట్టు తెరిచి నెల. కుదోకి తెలిస్తే దిగువ వీధిలో ఒక్క తలైనా నీ దగ్గరికి వచ్చేదా? నాకైతే పోస్టాఫీసు జీతం ఉంది." చిడతల్ని చేతిలోకి తీసుకుంది. "చిడతల మీద బెంగ మాత్రం ఉండేదయ్యా. పొద్దున్న ఐదున్నరకి వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి."

ఇన్నేళ్ళూ ఇదంతా కడుపులో పెట్టుకుంది. నేను అరవై మూడేళ్ళవాణ్ణి, వాళ్ళింటి చాప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె టీ పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఆమే కొట్టింది. పొడిగా, ఒకేసారి. వీధి చివరి దాకా మూతలు తెరుచుకున్నాయి. మాలో చాలామంది ముసలివాళ్ళం అయిపోయాం. పారలు బరువెక్కాయి. అయినా ఆ రోజు ఎవరూ పని త్వరగా ముగించాలనుకోలేదు.

నేను నిండు పార ఎత్తాను. టక్‌మని ఏడైంది. కాలువలో నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి. దిగువ వీధి గంట ఇంకా మిగిలుంది మరి. నేను వెనక్కి తిరిగి, ఆ మంచుని మా గుమ్మం పక్కన దించాను.

కియోనో అక్క చూసి నవ్వింది. "నేర్చుకున్నావే!"

ఆ పారెడు మంచు మార్చి నెలాఖరు దాకా అక్కడే ఉంది. నోబుకో తియ్యబోతే వద్దన్నాను.