బాపు గాలం, అవ్వ కప్పతల్లి

మిరుగు, అంటే మృగశిర కార్తె, మొదలైన రోజున మహబూబ్‌నగర్ చేపల మార్కెట్ ముందు నుంచి నడిస్తే, ప్లాస్టిక్ టబ్బుల్లో మెదిలే కొర్రమీనుల జిగట వాసన, బురద, నాచు, తడి ఇనుము కలిసినట్టుండే ఆ వాసన, నన్ను ఉన్నచోటే ఆపేస్తుంది. నేను నర్సుగా పనిచేసే దవాఖానకు దారి అదే. మిరుగు నాడు చేప తినాలని మా వైపు ఆనవాయితీ కాబట్టి జనం ఎగబడుతుంటారు. నేను మాత్రం కొనను. కాసేపు నిలబడి వెళ్లిపోతాను.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఐదో తరగతి. మా బాపు నర్సింహ ఎండాకాలమంతా పట్నంలో ఇళ్లు కట్టే పనికి పోయి, తొలకరికి ఊరు చేరేవాడు. ఆయన వచ్చాడంటే ఎర్రమట్టి తడిసేది, వాకిట్లో వేపపండ్లు రాలేవి, పొలం గట్ల వెంట కప్పలు గొంతులు విప్పేవి. తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని, మూతకు మేకుతో బొక్కలు కొట్టిన పాలడబ్బా చేతికిచ్చి, మోకాలి లోతు తుంగలో నడిపించేవాడు. ఎరకు బొటనవేలంత పచ్చకప్పలే కావాలి ఆయనకు. పెద్దవి దొరికితే వీపు నిమిరి వదిలేసేవాడు. వీపు మీది తోలుకు మాత్రమే గాలం తగిలించి, వెదురు బొంగు చాచి చెరువులో తామరాకుల మధ్య దించితే, కప్ప కాళ్లు కొట్టుకుంటూ నీళ్ల మీద చిన్న చిన్న గుండ్రాలు గీసేది. ఆ గుండ్రాల కింద నీళ్లు ఒక్కసారి ఉబ్బేవి, ‘దబ్’మని చప్పుడయ్యేది, బొంగు విల్లులా వంగేది. గాలం గుచ్చేటప్పుడు నేను కళ్లు మూసుకునేదాన్ని, కొర్రమీను పడ్డాక గంతులేసేదాన్ని.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, ఈ పని గిట్టేది కాదు.

“పాణమున్నదాన్ని గుచ్చుతవు, నీకు చేతులెట్ల ఆడుతయిరా?”

“సచ్చినదాన్ని కొర్రమట్ట ముట్టదే అమ్మా, నేనేం జేయాలె?”

అమ్మ మామిడికాయ ముక్కలు, మెంతిపొడి వేసి పులుసు దించాక, తలకాయ ముక్క తన గిన్నెలో పడే వరకూ పొయ్యి దగ్గర నుంచి కదలనిది కూడా ఆ అవ్వే.

మరుసటి ఏడాది మిరుగు వచ్చింది గాని వాన రాలేదు. చెరువు నెర్రెలు విచ్చింది. బోర్లు దుమ్ము కక్కాయి. ఆడవాళ్లంతా కలిసి కప్పతల్లి ఆడదామనుకున్నారు. బతికున్న కప్పను గుడ్డలో కట్టి, వేపమండలతో రోకలికి వేలాడదీసి, ఇద్దరు భుజాల మీద మోస్తూ పాటతో ఇల్లిల్లూ తిరిగితే, ప్రతి ఇంటివాళ్లూ దాని మీద బిందెడు నీళ్లు పోస్తారు; కప్ప తడిస్తే వాన దిగివస్తుందని నమ్మకం. అయితే ఊరంతా వెతికినా కప్ప దొరకలేదు. చివరికి అవ్వ ముందు నడవగా అందరూ మా వాకిట్లోకి వచ్చారు.

“కప్పలు ఏడ దాస్కుంటయో నీకే ఎరుక నర్సింహా. ఒక్కటి తెచ్చియ్యి,” అంది అవ్వే.

“గాలానికి గుచ్చెటోన్ని నన్నా అడుగుతున్నరు?” అని బాపు నవ్వాడు గాని, వెంటనే లేచి కండువా నడుముకు చుట్టాడు.

ఊరి చివర పాత మోటబావి అడుగున ఇంకా చెమ్మ ఉందని ఆయనకు తెలుసు. డబ్బాకు తాడు కట్టి నా చేతికిచ్చి, గోడలో పొడుచుకొచ్చిన రాళ్ల మీద కాళ్లు పెడుతూ దిగాడు. చాలాసేపటికి “గుంజు బిడ్డా” అన్న కేక వినిపించింది. గుంజాను. మూత సందులోంచి చూస్తే బురద పూసుకున్న పచ్చకప్ప కళ్లు ఆర్పుతోంది.

“వచ్చింది బాపూ!”

“మూత గట్టిగ పెట్టు, దుంకుతది!”

ఆ నవ్వు గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. పైకి ఎక్కుతుండగా నడిమిట్ల రాయి ఊడింది. గోడ నుంచి మట్టి రాలిన చప్పుడు, తర్వాత ఇంకేదో పడిన చప్పుడు. పదిమంది దిగి ఆయనను మంచానికి కట్టి పైకి తెచ్చారు. దవాఖానలో వెన్ను విరిగిందన్నారు, ఇక కాళ్లు రావన్నారు.

ఆ సాయంత్రమే అవ్వ ఆ కప్పను రోకలికి కట్టింది. కొడుకు దవాఖానలో ఉంటే ఇదేం పనని ఎవరో వారించబోయారు.

“వాడు దిగిందే గందుకు. ఆడకుంటే ఎట్ల?” అంది అవ్వ. కళ్లు తుడుచుకోకుండానే రోకలి భుజానికెత్తుకుంది. ఇల్లిల్లూ తిరిగి, తడిసి ముద్దయి, వణుకుతూ ఇంటికొచ్చింది. ఆ ఏడు వాన పడలేదు.

పై ఏడు పడింది, చెరువు అలుగు దూకేటంత. బాపు గుమ్మం దగ్గర మంచంలో పడుకుని పొలాల వైపు చెవి పెట్టేవాడు. “గది బోదురుకప్ప... గదిగో, గది చిన్నది, గాలానికి సరిపోతది” అని నాకు చెప్పేవాడు. అమ్మ కూలికి పోయేది. ఒక రోజు నేను బొంగు తీసుకుని బయలుదేరితే చెయ్యి పట్టుకుని ఆపాడు. “వద్దు బిడ్డా. అరవనియ్యి. నాకు గిప్పుడు గవ్వే తోడు.” కప్పలు అరుస్తుండగానే ఇంకో వానాకాలంలో కన్నుమూశాడు.

ఇప్పుడు మా చెరువు ఎండదు. కాలువ నీళ్లు వచ్చాయి. పూడిక తీసినప్పుడు తుంగ, తామర పోయాయి. గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు. సర్కారు వదిలిన బొచ్చె, రవ్వ చేపలు లారీల్లో పోతున్నాయి. కొర్రమీనులు మాత్రం ఎక్కడి చెరువుల నుంచో మార్కెట్‌కు వస్తాయి.

పోయిన మిరుగుకు నేను ఊళ్లోనే ఉన్నాను. పొద్దుగూకే వేళ మంచి వాన కురిసి ఆగింది. చూరు నీళ్లు కారుతుంటే అవ్వ గుమ్మంలో కూర్చుని, చాలాసేపు పొలాల వైపు మెడ సాచి, “నాకు చెవులు పోయినయి బిడ్డా” అంది. “గింత వాన పడ్డదా, ఒక్క కప్ప ఇనస్తలేదు. మీ దవాఖానల చూపియ్యరాదు?”

లోపలి గదిలో అమ్మ ఎంత మెల్లగా దగ్గినా, “నీళ్లు తాగు” అని గుమ్మంలోంచే పలికే మనిషి అవ్వ. ఆమె పక్కన కూర్చుని, నేను కూడా చెవి పెట్టాను. చూరు నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపించింది.