దాపట దిక్కు నుంచి మూడో ఆమె

నేను దయ్యాలను నమ్మను. ముప్పై ఏళ్లుగా నల్లగొండ, పాలమూరు ఊళ్లలో మైకు పట్టుకుని తిరిగినవాణ్ణి. బాణామతి చేసిందని ఒక ముసలామెను చెట్టుకు కట్టేస్తే, కట్టు విప్పేదాకా ఆ ఊరు వదలలేదు. పూనకాలు, కన్నీళ్లు కార్చే విగ్రహాలు, నీళ్లతో వెలిగే దీపాలు, అన్నింటి లోగుట్టూ జనం ముందు విప్పి చూపించాను.

కాబట్టి కింద రాసేది చదివి ఎవరైనా దీన్ని ఆత్మ అంటే, వాళ్లతో మొదట వాదనకు దిగేది నేనే. ఇది శ్మశానంలో జరిగింది కాదు. పట్టపగలు, రామన్నపేటలో, బస్టాండు దగ్గరి ఒక డీటీపీ షాపులో, కంప్యూటర్ ముందు జరిగింది.

మరియ మా ఊళ్లో సర్కారు బడి టీచరు. ఆమె తల్లి ఎలీసమ్మ మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి గనిలో రాళ్లు కొట్టి, మరియకు అయిదు నెలలప్పుడు జ్వరంతో చనిపోయింది. ఆ తల్లి గురించి, ఆమెతో పనిచేసిన ఆడవాళ్ల గురించి మరియ ఊరూరూ తిరిగి అడిగి నలభై పేజీలు రాసుకుంది. సిమెంటు మూట మీద కంపెనీ పేరు ఉంటుంది గానీ రాయి కొట్టిన మనిషి పేరు ఉండదు. ఆ పుస్తకం రావాలని నేనే పట్టుబట్టి, దిద్ది, వర్డ్‌లో టైపు చేశాను.

మొదటి పేజీలో తల్లి ఫోటో ఉండాలన్నది మరియ ఒక్క కోరిక. తల్లి ముఖం ఆమెకు గుర్తు లేదు. దొరికింది ఒకే ఒక్క ఫోటో. గని అంచున తొమ్మిది మంది ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. రాతి దుమ్ము పట్టి జుట్టు, కనుబొమలు, చీరలు అన్నీ ఒకే తెలుపు. వెనక ఆకాశం కూడా అదే తెలుపు. తొమ్మిది మందీ పొగమంచులోంచి అప్పుడే నడిచొచ్చి ఆగినట్టు ఉంటారు.

వాళ్లలో ఇప్పుడు బతికున్నది మరియ చిన్నమ్మ శాంతమ్మ ఒక్కతే. ఆమెకు రెండు కళ్లూ పోయాయి. ఆ ఫోటోలో వరుస ఆమెకు జ్ఞాపకమే గానీ చూసి చెప్పే వీలు లేదు. అక్క ఎక్కడ నిలబడిందని అడిగితే "దాపట దిక్కుకెల్లి మూడోది" అంది. దాపట అంటే ఎడమ. మేము ఎడమ నుంచి లెక్కపెట్టాం. మూడో ఆమె సన్నగా నవ్వుతూ ఉంది. మరియ ఆ ముఖాన్ని ఫోన్ తెర మీద పెట్టుకుంది. నాలుగు నెలలు పొద్దున లేవగానే ఆ నవ్వే చూసింది.

సాయంత్రానికి ఫైలు ప్రెస్సుకు పంపాలి. అందుకని పొద్దున్నే షాపుకు వెళ్లాను. షాపు సుజాతది. మాట పదును, చేయి వేగం. గుంపు ఫోటోను పేజీలోకి తెచ్చింది, మూడో ఆమె ముఖం చుట్టూ క్రాప్ చేసింది, అక్షరాలు ఫోటో చుట్టూ తిరిగేలా స్క్వేర్ ర్యాప్ పెట్టింది. బయట ఎండ తెల్లగా కాస్తోంది. ఫ్యాన్ గాలికి గోడ మీది పెళ్లి కార్డులు రెపరెపలాడుతున్నాయి. నాకు కాస్త మగతగా ఉండి టీ తాగడానికి లేచాను.

తిరిగొచ్చేసరికి సుజాత తెరకేసి చూస్తూ కూర్చుంది.

"సార్, గామె నిలబడుతలేదు. నేను గామెను పెడితె గీమె వస్తాంది."

పేజీలో ఫోటో పెట్టెలో నవ్వే ముఖం లేదు. కొంగు నుదుటి దాకా లాక్కున్న ఇంకో ఆమె ఉంది. పెదవులు బిగబట్టి సూటిగా చూస్తోంది. నాకు నవ్వొచ్చింది. క్రాప్ చేస్తే మిగతా బొమ్మ చెరిగిపోదు, వెనక దాగి ఉంటుంది, కిటికీ కొంచెం జరిగితే పక్క ముఖం కనబడుతుంది అని చెప్పాను. "నీ చెయ్యి తగిలుంటది చూడు."

"పదిహేనేండ్ల సంది గిదే చెయ్యి సార్. పెండ్లి కార్డుల పిల్లను మార్చిన్నా ఎన్నడన్న?"

మళ్లీ సరిచేసింది. ఈసారి కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి, కత్తిరించిన భాగాలు పూర్తిగా తీసేయమని చెప్పి సేవ్ చేసింది. ఫైలు మూసి తెరిచాం. నవ్వే ముఖమే ఉంది. ప్రింట్ ఇచ్చాం.

తెర మీద నవ్వే ఆమె. కాగితం మీద కొంగు కప్పుకున్న ఆమె.

నేను లేనప్పుడు ఇచ్చిన పాత పేజీ ఏదో ప్రింటర్ జ్ఞాపకంలో ఉండిపోయి ఉంటుందన్నాను. ప్రింటర్ ఆపేసి, తీగ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాం. పాత పేజీ వస్తే తెలియాలని ఫోటో కింద "మా అమ్మ ఎలీసమ్మ" అని అప్పుడే కొత్తగా టైపు చేయించాను. కాగితం వచ్చింది. కొత్త అక్షరాలు ఉన్నాయి. వాటి మీద మళ్లీ ఆ ముఖమే.

సుజాత కుర్చీ వెనక్కి జరిపింది. "ఇగ మీరే చేయిండ్రి సార్. నేను జర అవుతల కూసుంటా."

నేనే చేశాను. రెండో కంప్యూటర్‌లో గుంపు ఫోటోలోంచి నవ్వే ముఖం ఒక్కదాన్నే పెయింట్‌లో కత్తిరించి వేరే బొమ్మగా దాచాను. కొత్త ఫైలు తెరిచి ఆ ఒక్క బొమ్మనే పెట్టాను. ఆ ఫైలులో రెండో మనిషి లేదు. ఉండటానికి జాగా లేదు. ప్రింట్ ఇచ్చాను. కాగితం మెల్లగా, నీళ్లలోంచి పైకి తేలినట్టు బయటికొచ్చింది. ముందు కొంగు, తర్వాత నుదురు, ఆ సూటి చూపు.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. నన్నెవరో ఆట పట్టిస్తున్నారన్న కోపం. నా సభల్లో నేనే చూపించిన కిటుకులన్నీ తలచుకుని టేబుల్ కింద కూడా చూశాను. ఆ గదిలో ఫ్యాన్ చప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపించింది.

మధ్యాహ్నం బడి గంట కొట్టాక మరియ వచ్చింది. నేను మిషన్ పాడైందని చెప్పబోయాను. అంతలో ఆమె ప్రింటర్ పక్కనున్న కాగితాల్లో ఒకటి తీసుకుంది. ముఖం కింద "మా అమ్మ ఎలీసమ్మ" అని ఉంది. చాలాసేపు చూసింది.

"ఈమె ఎవరు సార్?"

పొద్దుటి నుంచి జరిగింది సుజాతే చెప్పింది. చెప్పి, "టీచరమ్మా, మీ చిన్నమ్మను ఇంకోపారి అడుగుండ్రి. అడిగితె పోయేదేముంది" అంది. ఇలాంటి వాటికి తల ఊపొద్దని నేను మరియతో అన్నాను. ఆమె అప్పటికే ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టింది.

"చిన్నమ్మా, అమ్మ దాపట దిక్కుకెల్లి మూడోదన్నవు గదా. ఎవరి దాపట?"

"ఎవరి దాపటేంది బిడ్డా? ఎద్దు దాపట ఎద్దుకే ఉంటది, ఎదురుంగ నిలబడ్డోనికి ఉంటదా? గా వరుసల నిలబడ్డది నేను. నా దాపట."

శాంతమ్మ తండ్రి పాలేరు. కాడికి ఎడమ పక్కన కట్టేది దాపటెద్దు, కుడి పక్కన కట్టేది వలపటెద్దు. ఆ ఇంట్లో ఎడమ, కుడి అనే మాటలు లేవు. ఆమె ఫోటో బయటి నుంచి చెప్పలేదు. తొమ్మిది మందిలో ఒకతెగా లోపల నిలబడి చెప్పింది. చదువుకున్న మేమిద్దరం ఆ మాటను ఎడమగా మార్చుకుని అవతలి కొస నుంచి లెక్కపెట్టాం. జీవితమంతా సాక్షులకు అడ్డు ప్రశ్నలు వేసిన నాకు ఈ ఒక్క ప్రశ్న తోచలేదు.

ఫోన్‌లో శాంతమ్మ ఇంకా మాట్లాడుతోంది. "మీ అమ్మ గంప కడుపుకడ్డం పెట్టుకున్నది చూడు. ఫోటో తీసేటాయన దించుమన్నా దించలే. సిగ్గు. నువ్వప్పటికి ఏడో నెల."

సుజాత గుంపు ఫోటో తెరిచింది. మన కుడి వైపు నుంచి మూడో ఆమె. కొంగు నుదుటి దాకా ఉంది. రెండు చేతులతో ఖాళీ గంపను పొట్టకు ఆనించి పట్టుకుంది. మిగతా ఎనిమిది మంది చేతులూ ఖాళీగా ఉన్నాయి.

మరియ స్టూలు మీద కూర్చుని తెర మీద ఆ గంపను వేలితో ముట్టింది. ఏడవలేదు. "నేను కూడ ఉన్న సార్ ఇండ్ల" అంది.

ఆ ముఖాన్ని క్రాప్ చేసి పెట్టాం. తెర మీదా కాగితం మీదా ఒకే మనిషి వచ్చింది. పది సార్లు ప్రింట్ తీయించాను, పది సార్లూ ఆమే. నవ్వే ఆమె ఎవరో శాంతమ్మకు పేరు యాదికి రాలేదు. "నాలుగు నెలలు అమ్మ అనుకున్న సార్, తీసెయ్యబుద్ధయితలేదు" అని మరియ ఆమెను ఫోన్ తెర మీద అట్లాగే ఉంచుకుంది. వెనక అట్ట మీద తొమ్మిది మందినీ వేయించింది.

తర్వాత తెలిసిన ఇంజనీర్లను అడిగాను. డ్రైవర్ లోపమన్నారు, తాత్కాలిక ఫైళ్లన్నారు. ఒక్కొక్కటీ అదే షాపులో, అదే ప్రింటర్ మీద పరీక్షించి చూశాను. ఏదీ నిలబడలేదు. అలసిపోయి పొరబడ్డావన్నాడు ఒక మిత్రుడు. ఆ రోజు తీసిన కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, చూపించాను. తిప్పి తిప్పి చూసి తిరిగిచ్చాడు.

నేనిప్పటికీ దయ్యాలను నమ్మను. చచ్చినవాళ్లు ప్రింటర్లు నడపరు. కానీ నా చేత్తో చేసిన ఆ చివరి ఫైలును మొన్న కూడా తెరిచి చూశాను. అందులో ఒకే బొమ్మ ఉంది, నవ్వే ముఖం. ఎలీసమ్మ ఆ ఫైలులో ఎక్కడా లేదు. కాగితం మీద ఉంది. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.