కొత్త మూతలు కోసి పాత గిన్నెలకు వేసిన ఏడాది

మొన్న మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో మా చిన్న వ్యాపారులందరినీ ఒక హాలులోకి పిలిచి, చేతికొక సమోసా, ఒక నీళ్ళ సీసా ఇచ్చి, ఎక్కడి నుంచో వచ్చిన ఒక కుర్ర సారు రెండు గంటలసేపు హిందీలో మాకు ధైర్యం చెప్పాడు. బేరాలు పడిపోయినప్పుడు మనసు పడిపోకూడదట, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, దుకాణం కిటకిటలాడుతున్నట్టు ఊహించుకోవాలట. నేనూ మూసుకున్నాను. దుకాణం కిటకిటలాడలేదు గాని పక్కన కూర్చున్న కిరాణా ఆయన గురక మాత్రం చక్కగా వినిపించింది. ఐదో తరగతిలో బడికి నేను దండం పెట్టానో, బడే నాకు పెట్టిందో ఇప్పటికీ తేలలేదు కాబట్టి చదువుకున్నవాళ్ళ మాట నేను కాదనను. కానీ గిరాకీ లేని దుకాణంలో కళ్ళు మూసుకుని కూర్చోవడం నాకొకరు నేర్పాలా, ఒక వేసవంతా నేను చేసిన పని అదే కదా అని బస్సులో దారి పొడుగునా విసుక్కుంటూనే వచ్చాను.

ఉసూర్‌లో మాది అల్యూమినియం గిన్నెల దుకాణం. మా నాన్న చర్ల వైపు నుంచి నెత్తిన గంపతో వచ్చి పెట్టినది. మా వైపు జనం చేతిలో నోటు ఆడేది ఏడాదికొక్కసారే, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పినప్పుడు. ఆ డబ్బుతోనే పెళ్ళిళ్ళు, ఆ పెళ్ళిళ్ళకే పెద్ద పెద్ద గుండిగలు. అందుకని అడవిలో ఆకు చిగురు వేస్తే చాలు, దుకాణాలు నింపుకోవడం మా వ్యాపారుల అలవాటు. నా వయసు రోజుల్లో ఒక ఏడు చిగురు మహా జోరుగా వచ్చింది. మా పెళ్ళయి అప్పటికి ఏడెనిమిదేళ్ళు, కూడబెట్టినదంతా పెట్టి ఇంటి దూలాల దాకా గుండిగలు నింపేశాను. పడుకోవడానికి చోటు లేక మా ఆవిడా నేనూ వసారాలోకి మారాం. తీరా చూస్తే ఆ ఏడు మా వైపు ఆకు కొనే గుత్తేదారే రాలేదు. ఎందుకు రాలేదో తలొక కారణం చెప్పారు, అన్నీ విన్నాను, ఒక్కటీ గిన్నె కొనలేదు. ఆకు చెట్టు మీదే ముదిరిపోయింది. పెళ్ళిళ్ళు వచ్చే ఏటికి వాయిదా పడ్డాయి. నేను మాత్రం రోజూ పొద్దున్నే గుండిగల మీద దుమ్ము దులుపుతూ, పెళ్ళికాని ఆడపిల్లల తండ్రిలా వాటిని చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

భద్రాచలంలో మా బావమరిదికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది, అద్దాల అల్మారాలూ రంగు దీపాలూ ఉన్న దుకాణం. సంగతి తెలిసి, వానలు పడి వాగు పొంగేలోపు టెంపో తీసుకొస్తాననీ, సామానంతా ఎక్కించుకుని వచ్చి తన దగ్గరే పని చూసుకోమనీ కబురు పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు. కానీ బావమరిది దుకాణంలో చిన్న స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు గ్లాసుతో నీళ్ళందించే బతుకు తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. వాగులో నీళ్ళు వచ్చేలోగా ఏదో ఒకటి జరగకపోతే మా నాన్న దుకాణానికి తాళమే.

అటువంటి రోజుల్లో ఒక దొర్ల తెగ ముసలమ్మ జావ కాచుకునే గిన్నె పట్టుకుని వచ్చింది. అడుగున నాలుగు చిల్లులు. కొత్తది కొనడానికేమో అనుకుని లేచి నిలబడ్డాను. కాదు, దాన్నే బాగుచేయమంది. నాకు ఒళ్ళు మండింది.

“అవ్వా, ఇది గిన్నె కాదు, జల్లెడ” అన్నాను.

“జల్లెడైతే నువ్వే కొనుక్కో. నీ దుకాన్ల జల్లెడ లేదు గద” అంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా మామగారు వీధివీధీ తిరిగి చిల్లులు పడ్డ గిన్నెలకు మాట్లు వేసేవారు. ఆయన సుత్తి మోగితే నా దుకాణం మూగబోతుందని పెళ్ళి పీటల మీద నుంచే ఆయన్ను ఆటపట్టించిన ఘనుణ్ణి నేను. ఆయన నవ్వేవారు, మా ఆవిడ నవ్వేది కాదు. ఆ రోజు ఆవిడ లోపలి నుంచి వచ్చి, ముసలమ్మ చేతిలో గిన్నె తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, కత్తెర తెచ్చి, తళతళలాడే నా కొత్త గుండిగ మూత ఒకటి తీసి, కరకరా కత్తిరించింది. నా గుండెలోంచి కోసినట్టయింది. ఏంది ఈ పని అని అరిచాను.

“అమ్ముడుపోని మూత కోసిన. నీ నోరు కొయ్యలే, సంతోషించు” అంది తలెత్తకుండా.

నాలుగు ముక్కలు అతికి, సుత్తితో అంచులు అణిచి, నీళ్ళు పోసి చూపింది. చుక్క కారలేదు. ముసలమ్మ కొంగు విప్పి దోసెడు సారపప్పు పోసి వెళ్ళింది. ఆ తరువాతి సంత నాటికి చిల్లుల గిన్నెలు చంకన పెట్టుకుని ఊళ్ళకు ఊళ్ళే దిగాయి. చింతపండు, కోడిగుడ్లు, ఇప్పపువ్వు, ఎవరికి ఉన్నది వాళ్ళు తెచ్చారు, మేం తినగా మిగిలినది సంతలోనే చెల్లిపోయేది. ఆవిడ కొడుతుంటే నేను గిన్నెలందిస్తూ, వచ్చినవాళ్ళతో దొర్లిలోనూ గోండిలోనూ హాస్యాలాడుతూ, రోజుకొక కొత్త మూత ముక్కలవడం చూసి లోలోపల ఏడుస్తూ గడిపాను.

చెప్పిన ప్రకారం బావమరిది టెంపో వేసుకుని వచ్చేశాడు. వాకిట్లో ఇరవై మంది ఆడవాళ్ళు గిన్నెలతో కూర్చుని ఉన్నారు. అతనికి ముఖం మాడింది. తండ్రి చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుపడే షోకు మనిషి.

“ఏందక్కా, నలుగురిలో మళ్ళీ ఈ మాట్ల పని” అన్నాడు.

“ఈ గిన్నెలు ఎవరివి వాళ్ళకిచ్చేదాకా నేను కదల. నువ్వు ఎత్తుకపోతనంటే మీ బావను ఎత్తుకపో” అంది.

నేను టెంపో వంక చూశాను, నిజంగానే ఎక్కిస్తుందేమోనని. అతను కాసేపు గునుస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఒక గిన్నె అంచు అణచలేక అవస్థ పడుతుంటే చూసి చూసి, అట్ల కొడతరా ఏంది, ఇటియ్యి అంటూ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా లేవలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరి తరువాత ఒకరు సుత్తి వేస్తుంటే వాళ్ళ నాన్న పద్ధతిలోనే తాళం పడింది. ఆ రోజు నేనొక్క హాస్యమూ ఆడలేదు. ఖాళీ టెంపోతోనే అతను వెళ్ళిపోయాడు, నాలుగు రోజులకు వాగు పొంగింది, మేం ఇవతలే ఉండిపోయాం. మరుసటి ఏడు ఆకు కొన్నారు, గుండిగలూ అమ్ముడుపోయాయి, చాలావాటికి మూతలు మాత్రం లేవు. అడిగినవాళ్ళకు, మూత లేకపోతే ఉడికిందో లేదో ఊరికే కనబడుతుంది, సుఖం కదా అని సర్ది చెప్పాను.

ఇప్పుడు రోడ్డు పడింది, దుకాణంలో సగం ప్లాస్టిక్ తొట్లే, పగిలితే రోడ్డు పక్కన పారేస్తారు, బేరాలు మళ్ళీ పడిపోయాయి. పోయిన నెల దూరపు ఊరి నుంచి ఒకామె గిన్నె పట్టుకుని, ఇక్కడ మాట్లు వేస్తారట కదా అని వెతుక్కుంటూ వచ్చింది. మా ఆవిడ సుత్తి పట్టింది గాని కీళ్ళవాతంతో వేళ్ళు వంగలేదు. నేర్చుకోమని ఆ రోజుల్లో నన్ను ఎన్నిసార్లు అడిగిందో, ప్రతిసారీ ఏదో ఒక చమత్కారం ఆడి తప్పించుకున్నాను. కొత్తది తీసుకోమ్మా అన్నాను. ఆమె అల్మారా వంక చూడనైనా చూడకుండా, చిల్లుల గిన్నెను మళ్ళీ నెత్తిన బోర్లించుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూశాను.